ఆ పోలీసాయన కంటికి మీటరుందా?

అమెరికాలో నాలుగేళ్ళు కారు నడిపిన మనవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే, వీసాలూ ఇళ్ళ ధరలూ అయిపోయాక మాటలు స్పీడింగ్ టికెట్ల మీదికి రావడం ఖాయం. "రాడార్ లేదూ పాడూ లేదు, ఊరికే చూసి రాసేశాడు" అంటాడొకాయన. "రాడార్ కొలిచింది పక్క లేన్లో పోయేవాణ్ణి, ఆపింది నన్ను" అంటాడింకొకాయన. మూడో ఆయన అనుభవజ్ఞుడు. "కోర్టుకెళ్ళి క్యాలిబ్రేషన్ రికార్డు చూపించమను, అంతే సంగతులు" అని సలహా పడేస్తాడు. వింటే కాలక్షేపం కబుర్లలాగే ఉంటాయి గానీ, ఈ మూడు మాటల మీదా నిజంగానే పెద్ద కోర్టుల్లో వాదనలు జరిగాయి, చట్టాలు మారాయి.

ఇంతకీ ప్రశ్న చిన్నదే. రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మనిషి, ఎదురుగా దూసుకుపోయే బండిని చూసి "ఇది 70 మీద పోతోంది" అని ఎలా చెప్పగలడు? చెప్పాడే అనుకుందాం, ఆ మాటని మనం ఎందుకు నమ్మాలి? నాకు మొదటి ప్రశ్న కంటే రెండోదే ఆసక్తిగా అనిపిస్తుంది. నూటపాతికేళ్ళుగా పోలీసుల చేతిలో పరికరాలు మారుతూ వచ్చాయి. కోర్టులో గొడవ మాత్రం చాలాసార్లు ఒక్కదాని మీదే తిరిగింది: ఎవరి మాట నమ్మాలి, ఆ మాటని సరిచూసుకోడానికి ఇంకో దారి ఉందా?

మొదట్నుంచీ వద్దాం. ఇంగ్లండులో 1865 నాటి చట్టం ప్రకారం తనంతట తాను కదిలే బండి ఏదైనా ఊళ్ళో గంటకి 2 మైళ్ళు, ఊరి బయట 4 మైళ్ళు దాటకూడదు. మొదట్లో బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని కూడా రూలు. 1896 జనవరిలో కెంట్ ప్రాంతంలోని పాడక్ వుడ్ దగ్గర వాల్టర్ ఆర్నాల్డ్ అనే కార్ల వ్యాపారి గంటకి 8 మైళ్ళ వేగంతో "దూసుకుపోయాడు". అక్కడి కానిస్టేబుల్ సైకిలెక్కి తరిమి పట్టుకున్నాడు. అతివేగానికి వేసిన జరిమానా ఒక షిల్లింగు. కారుని వేగంగా నడిపి శిక్ష పడ్డ మొదటి మనిషిగా ఈయన పేరే చెప్తారు. చట్టం పెట్టిన పరిమితి మామూలు మనిషి నడకకన్నా తక్కువ కాబట్టి ఇక్కడ కొలత సమస్యే లేదు. కారుని పట్టుకోడానికి సైకిలెక్కాల్సి వచ్చిందంటేనే నేరం రుజువైనట్టు :)

మూడేళ్ళ తర్వాత, 1899 మే 20న న్యూయార్క్ లెక్సింగ్టన్ ఎవెన్యూలో జేకబ్ జర్మన్ అనే టాక్సీ డ్రైవర్ని 12 మైళ్ళ వేగానికి అరెస్టు చేశారు. అక్కడ పరిమితి 8. పట్టుకున్నది మళ్ళీ సైకిల్ పోలీసే. థియొడర్ రూజ్వెల్ట్ న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడుగా ఉన్న 1895లో మొదలైన సైకిల్ దళం అది. (అన్నట్టు ఆ టాక్సీ కరెంటుతో నడిచేది. అమెరికాలో వేగానికి పట్టుబడ్డ తొలి బండి ఎలక్ట్రిక్ కారన్నమాట. టెస్లా ఉన్నవాళ్ళు గమనించగలరు.)

ఈ సైకిల్ పద్ధతిని కాస్త చూడండి. వాడు ఎంత వేగంగా పోతున్నాడో తెలియాలంటే నేనూ వాడి వెనకే అంతే వేగంగా పోవాలి. ఇది ఇప్పటికీ ఉంది, పేసింగ్ అంటారు. సైకిల్ పోయి పోలీసు కారొచ్చింది, అందులో స్పీడోమీటర్ వచ్చింది, అంతే తేడా. మీ వెనక ఒకే దూరంలో కాసేపు వెంబడించి ఆయన తన స్పీడోమీటర్ చూసుకుంటాడు. ఆ మీటర్ సరిగ్గా చూపిస్తోందా, మధ్యలో దూరం మారకుండా ఉంచాడా అన్నవే దీనిలో చిక్కులు. మిమ్మల్ని అందుకోడానికి వేగం పెంచుతున్నప్పుడు చూసిన అంకె ఆయన వేగమే గానీ మీది కాదు.

అసలు మలుపు 1903లో వచ్చింది. ఆ ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చేసిన మోటార్ కార్ చట్టం పరిమితిని గంటకి 20 మైళ్ళకి పెంచింది, బండికి నంబరు తప్పనిసరి చేసింది. దాంతోపాటు తొమ్మిదో సెక్షన్లో ఓ చిన్న వాక్యం పెట్టింది. ఈ 20 మైళ్ళ పరిమితి దాటాడని ఒకే ఒక్క సాక్షి చెప్పిన అభిప్రాయాన్ని మాత్రమే పట్టుకుని ఎవరికీ శిక్ష వెయ్యకూడదు అని. అప్పట్లో కార్లున్నది డబ్బున్నవాళ్ళకి, పార్లమెంటులో కూర్చున్నదీ చాలావరకు ఆ వర్గమే. కాబట్టి ఇందులో స్వార్థం లేదని నేననను. ఒక పూటకూళ్ళమ్మ మీద దొంగతనం కేసు పెడితే ఇంత జాగ్రత్త తీసుకునేవాళ్ళా అంటే అనుమానమే. కానీ స్వార్థంతో రాసినా ఆ వాక్యంలో విషయం ఉంది. దొంగతనం చూశాననడం వేరు, వేగం చూశాననడం వేరు. వేగం ఒక అంకె. కంటికి బండి కనిపిస్తుంది, కదలడం కనిపిస్తుంది, అంకె మాత్రం కనిపించదు. అది మనసులో తయారవుతుంది. అందుకే చట్టం దాన్ని సాక్ష్యం అనకుండా "అభిప్రాయం" అంది.

మరి ఒక్కడి కన్ను చాలదన్నాక పోలీసులేం చేశారు? గడియారాలు కొన్నారు. రోడ్డు మీద ఒక ఫర్లాంగో పావుమైలో కొలిచి, ఈ చివర ఒక కానిస్టేబుల్, ఆ చివర ఒకడు కంచె పొదల వెనక నక్కేవాళ్ళు. కారు మొదటి గుర్తు దాటగానే ఒకడు సైగ చేస్తాడు, రెండోవాడు స్టాప్‌వాచీ నొక్కుతాడు. ఫర్లాంగంటే 201 మీటర్లు. గంటకి 20 మైళ్ళ మీద పోయే కారుకి 22.5 సెకన్లు పడుతుంది. సైగ చూసి వాచీ నొక్కడంలో ఒక సెకను ఆలస్యమైతే లెక్క 21 మైళ్ళ దగ్గరికొస్తుంది, రెండు సెకన్లయితే 22. పరిమితికి మరీ దగ్గరగా ఉన్నవాడికి అన్యాయం జరగొచ్చు గానీ, 35 మీద పోయేవాడికి తప్పించుకునే సందు లేదు. మొత్తం మీద ఇది మంచి పద్ధతే. ఏ దూరం, ఎంత సమయం అన్నది కాయితం మీద ఉంటుంది. ఎవరైనా టేపు పట్టుకెళ్ళి దూరం కొలిచి చూసుకోవచ్చు.

కార్లవాళ్ళు మాత్రం మండిపడ్డారు. 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది ఈ వలల గురించి సభ్యుల్ని హెచ్చరించడానికే. ఇప్పుడు బండి ఆగిపోతే సాయానికొచ్చే గౌరవనీయమైన ఏఏ సంస్థ అదే. వాళ్ళ మనుషులు సైకిళ్ళ మీద తిరుగుతూ ముందు పోలీసులున్నారని చెప్పేవాళ్ళు. 1910లో బెట్స్ వర్సెస్ స్టీవెన్స్ కేసులో కోర్టు, అప్పటికే పరిమితి దాటి పోతున్నవాణ్ణి అలా హెచ్చరించడం పోలీసు విధులకి అడ్డుపడటమే అంది. వీళ్ళు తక్కువ తిన్నారా! ఏఏ బ్యాడ్జీ ఉన్న ప్రతి కారుకీ సెల్యూట్ కొట్టడం మొదలెట్టారు. సెల్యూట్ కొట్టకపోతే ముందు వల ఉందని అర్థం. సెల్యూట్ కొట్టనందుకు ఎవర్నీ జైల్లో పెట్టలేరు కదా.

ఆ 1903 వాక్యం మాత్రం పోలేదు. ఇంగ్లండులో 1984 నాటి చట్టంలోనూ దాదాపు అదే రూపంలో ఉంది. అక్కడితో ఆగలేదు, మన దగ్గరికీ వచ్చింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో చేరి, 1988 చట్టంలో 183వ సెక్షన్ మూడో ఉపవిభాగమై కూర్చుంది. ఒక్క సాక్షి అభిప్రాయం మీద మాత్రమే వేగం కేసులో శిక్ష వెయ్యకూడదు, ఆ అభిప్రాయం ఏదైనా యాంత్రిక పరికరంతో వేసిన అంచనా అని చూపిస్తే తప్ప. అంటే ఒక్క కానిస్టేబుల్ "నేను చూశాను సార్, 90 మీద పోతున్నాడు" అంటే ఆ ఒక్క మాటతో మన చట్టం ప్రకారం కేసు నిలవదు. ఇది మనలో ఎంతమందికి తెలుసు?

అమెరికా దారి వేరు. అక్కడ ఏ రాష్ట్రం చట్టం దానిదే కాబట్టి ఒకే పద్ధతి ఒకచోట ఆదర్శం, ఇంకోచోట నేరం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి చెప్పదగ్గ సంగతి ఒకటి. ఇందాక చెప్పిన, కొలిచిన దూరాన్ని సమయంతో భాగించే పద్ధతి ఉంది చూశారూ, దాన్ని కాలిఫోర్నియా వాహన చట్టం "స్పీడ్ ట్రాప్" అని పేరు పెట్టి మరీ నిషేధించింది. అలా సంపాదించిన సాక్ష్యం వేగం కేసులో చెల్లదు. పొదల చాటున దాక్కోవడం మీద జనానికి 1920ల నుంచీ ఉన్న కోపం చట్టమైంది. దాని ఫలితం కాస్త విచిత్రంగా ఉంటుంది. అన్నిట్లోకీ సులువుగా సరిచూసుకోగల పద్ధతి అక్కడ పనికిరాదు, పోలీసు కంటి అంచనా మాత్రం పనికొస్తుంది. అదే పెన్సిల్వేనియాకి వెళ్తే తలకిందులు. అక్కడ రాడార్ వాడే అధికారం దశాబ్దాలపాటు స్టేట్ పోలీసులకే ఉండటంతో, ఊరి పోలీసులు స్టాప్‌వాచీ, వ్యాస్కార్ లాంటివాటితో నెట్టుకొచ్చారు. వ్యాస్కార్ అంటే 1960ల్లో వచ్చిన చిన్న కంప్యూటర్. రెండు గుర్తుల్ని కారు దాటినప్పుడు పోలీసు రెండుసార్లు స్విచ్చి నొక్కితే అది భాగహారం చేసి పెడుతుంది. భాగహారం ఎప్పుడూ కరెక్టే, స్విచ్చి నొక్కే వేలిదే గొడవంతా. 50 మీటర్ల దూరం పెట్టుకున్నాడనుకోండి, 100 కిలోమీటర్ల వేగానికి 1.8 సెకన్లు. వేలు 0.2 సెకను తేడా చేస్తే 112 అని చూపిస్తుంది. అదే 500 మీటర్లు పెట్టుకుంటే అదే వేలు, అదే తప్పు, తేడా ఒక్క కిలోమీటరు. పరికరం కచ్చితమైనదా అని అడిగేముందు దూరమెంత అని అడగాలన్నమాట.

ఇక రాడార్. దీన్ని రోడ్డు మీదికి తెచ్చింది కనెటికట్ రాష్ట్రంలో నార్వాక్‌లో ఉన్న ఆటోమాటిక్ సిగ్నల్ అనే ట్రాఫిక్ లైట్ల కంపెనీ. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం చేసిన పనిలోంచి అక్కడి ఇంజనీరు జాన్ బార్కర్ దీన్ని తయారుచేశాడు. 1947లో గ్లాస్టన్‌బరీ ఊరి దగ్గర రూట్ 2 మీద కనెటికట్ స్టేట్ పోలీసులు దాన్ని పెట్టి బండ్ల వేగాల్ని రాసుకున్నారు. 1949 ఫిబ్రవరి నుంచి టికెట్లు ఇవ్వడం మొదలెట్టారు.

పనిచేసే తీరు ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫిజిక్సే. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం. మనవైపు వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినపడుతుందే, అదే రేడియో తరంగాలకీ జరుగుతుంది. 10.525 గిగాహెర్ట్జ్ మీద పంపిన తరంగం కారుకి తగిలి తిరిగొస్తే, గంటకి ఒక మైలు వేగానికి సుమారు 31.4 హెర్ట్జ్ చొప్పున తేడా వస్తుంది. 65 మైళ్ళకి దాదాపు 2040 హెర్ట్జ్. ఇది మన చెవికి వినపడే శబ్దం! అందుకే ఈ రాడార్‌ని సరిచూసే పరికరం ఏంటంటే, హైస్కూల్ ల్యాబులో చూసిన ట్యూనింగ్ ఫోర్క్. 2040 సార్లు కంపించే ఫోర్కుని రాడార్ ముందు పెడితే అది 65 చూపించాలి. 1966లో కనెటికట్ సుప్రీంకోర్టు టొమనెల్లి కేసులో, అంతా బాగానే ఉంది, మరి ఆ ఫోర్కు సరైనదేనని ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న దాకా వెళ్ళింది. యూనిట్ టెస్టుకి యూనిట్ టెస్టు ఎవరు రాస్తారు అన్నట్టు. ఫోర్కు తప్పని అవతలివాళ్ళు గట్టిగా చూపించనంతవరకు కరెక్టే అనుకుందాం అని ఎక్కడో ఒకచోట ఆపేశారు. ఎక్కడో ఆపాలి మరి.

అంతకుముందే, 1955లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు డాంటోనియో కేసులో ఇంకో పెద్ద తలుపు తీసింది. డాప్లర్ సూత్రం నిజమేనని ప్రతి కేసులోనూ ఓ ప్రొఫెసర్ని పిలిచి చెప్పించక్కర్లేదు, సూత్రం అందరూ ఒప్పుకున్నదే, ఈ పరికరం సరిగ్గా పెట్టారా సరిచూశారా అన్నది చూపిస్తే చాలు అంది. సబబే. కానీ దీని తర్వాత జనం మనసులో "సూత్రం కరెక్టు కాబట్టి అంకె కరెక్టు" అనే ఒక గెంతు వచ్చి చేరింది. ఆ రెండూ ఒకటి కాదని మనలాంటి పని చేసేవాళ్ళకి వేరే చెప్పాలా? అల్గారిథమ్ సరైనదే, ప్రొడక్షన్లో ఎందుకు పడిపోయింది మరి!

రాడార్‌లో అసలు ఇరకాటం ఇది. అది అంకె చెప్తుంది, ఆ అంకె ఏ బండిదో చెప్పదు. 12 డిగ్రీల వెడల్పున్న కిరణం 300 మీటర్ల దూరం వెళ్ళేసరికి 63 మీటర్లు విస్తరిస్తుంది. హైవే మొత్తం అందులోనే ఉంటుంది. దగ్గర్లో చిన్న కారు, వెనక దూరంగా పెద్ద ట్రక్కు ఉంటే, పాత రాడార్లు ఎక్కువ గట్టిగా తిరిగొచ్చిన తరంగాన్నే పట్టుకుంటాయి. అది ట్రక్కుది కావచ్చు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే రాడార్ ఇచ్చేది వేల్యూ మాత్రమే, కీ ఇవ్వదు. కీ ఎవరిస్తారు? పోలీసాయన కన్ను. నూరేళ్ళ కింద వద్దనుకున్న ఆ ఒక్క సాక్షి అభిప్రాయం ఈ దొడ్డిదారిన మళ్ళీ లోపలికొచ్చేసింది.

పోలీసు కారు కదులుతూ కొలిచే రాడార్ అయితే ఇంకో మెలిక ఉంది. అది ముందు రోడ్డుని చూసి తన వేగం కనుక్కుంటుంది, తర్వాత ఎదురొచ్చే బండి దగ్గరవుతున్న వేగంలోంచి దాన్ని తీసేస్తుంది. పోలీసు కారు 60, ఎదురు బండి 60, దగ్గరయ్యే వేగం 120. రోడ్డు బదులు ముందు నెమ్మదిగా 10 మీద పోతున్న ట్రక్కుని చూసి తన వేగం 50 అనుకుంటే? 120 లోంచి 50 పోతే 70. ఎదురొచ్చేవాడికి పది మైళ్ళు ఉత్తపుణ్యానికి వచ్చి పడ్డాయి. న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. నిలబడి కొలిచే రాడార్‌లో కోణం వల్ల వచ్చే తప్పు ఎప్పుడూ డ్రైవర్‌కే లాభం. 20 డిగ్రీల పక్కనుంచి చూస్తే 100 బదులు 94 చూపిస్తుంది.

ఇదంతా ఇంజనీర్ల గొణుగుడుగానే ఉండేది, 1979లో మయామీ సంగతి బయటపడకపోతే. అక్కడి టీవీ వాళ్ళు పోలీసు రాడార్‌తో ఒక తాటిజాతి చెట్టు గంటకి 86 మైళ్ళ వేగంతో, ఒక ఇల్లు 28 మైళ్ళ వేగంతో పోతున్నట్టు చూపించారు. దేశమంతా నవ్వుకుంది. ఆ ఏడాదే డేడ్ కౌంటీ జడ్జి ఒకాయన నిపుణుల వాదనలు విని, పోలీసులు వాడుతున్న పద్ధతిలో ఈ అంకెల్ని సందేహం లేకుండా నమ్మలేం అని తేల్చాడు. చెట్టు 86 మీద ఎలా పోయింది? అది చెట్టుది కాదు కాబట్టి. బయటి రేడియో సిగ్నల్ కావచ్చు, కారులో తిరిగే ఫ్యాను రెక్క కావచ్చు. కదిలే లోహం దేన్నైనా రాడార్ బండే అనుకుంటుంది. చెట్టు అని మనకి తెలుసు కాబట్టి నవ్వాం. అదే కిరణంలో ఒక కారుంటే ఎవరికీ నవ్వు రాదు, టికెట్ వస్తుంది.

ఆ దెబ్బతో రాడార్లకి ప్రమాణాలు, పోలీసులకి శిక్షణ వచ్చాయి. ఆ శిక్షణలో నాకు బాగా నచ్చినది వాళ్ళు పెట్టిన వరస. ముందు కంటితో చూడు, వేగం అంచనా వెయ్యి. తర్వాత రాడార్ కూత విను, స్థిరంగా సన్నగా ఉందా, గరగరలాడుతోందా అని. ఆఖర్న అంకె చూడు. మూడూ కలిస్తేనే టికెట్. కలవకపోతే వదిలెయ్. అమెరికా శిక్షణలో పోలీసు కంటి అంచనా అసలు వేగానికి 5 మైళ్ళ లోపు ఉండాలని పరీక్ష పెడతారు. అంటే "ఊరికే చూసి రాసేశాడు" అని మనం ఫిర్యాదు చేసే ఆ చూపు, నిజానికి పద్ధతిలో మొదటి మెట్టు.

మరి కన్ను ఎంతవరకు నమ్మొచ్చు? 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం సైకాలజీ పుస్తకాలన్నిట్లోనూ ఉంటుంది. 45 మంది విద్యార్థులకి కారు ప్రమాదాల సినిమా ముక్కలు చూపించి ఆ కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. "తుక్కయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే సగటు జవాబు దాదాపు 41 మైళ్ళు, "తగిలినప్పుడు" అని అడిగితే 32. ప్రశ్నలో ఒక్క క్రియ మారిస్తే 9 మైళ్ళు. దీనికంటే నన్ను ఆపేసింది అదే పేపర్లో జనం అంతగా చెప్పుకోని ఇంకో సంగతి. కొన్ని ముక్కల్లో అసలు వేగం తెలుసు. 20 మైళ్ళ గుద్దుడికీ, 40 మైళ్ళ గుద్దుడికీ వచ్చిన సగటు అంచనాలు రెండూ 36, 40 మధ్యలోనే ఉన్నాయి. అంటే మామూలు కన్ను రెండింతల తేడాని కూడా పోల్చుకోలేదు.

పోలీసు మామూలు మనిషి కాదు, రోజూ అదే రోడ్డు పక్కన కూర్చుని, చూసిన వెంటనే రాడార్‌తో సరిచూసుకుంటూ ఉంటాడు, కాబట్టి కన్ను పదునెక్కుతుంది అంటారు. ఒప్పుకుంటాను. మిర్చి యార్డులో గుమాస్తా బస్తా ఎత్తి బరువు చెప్పడం లాంటిదే. నా అనుమానం వేరే ఉంది. ముందు 70 అనుకున్నాను, తర్వాత రాడార్ 72 చూపించింది అని పోలీసు కోర్టులో చెప్తాడు. ముందు 72 చూసి, తర్వాత 70 "అనుకున్నాడేమో" ఎలా తెలుస్తుంది? అబద్ధం ఆడుతున్నాడని కాదు. అంకె చూశాక మనసు తన పాత అంచనాని సర్దేసుకోవడం మానవ సహజం. రెండు స్వతంత్ర సాక్ష్యాలు అనుకున్నవి ఒకదానికొకటి కాపీ కావచ్చు. ఆ అంచనాకి టైమ్‌స్టాంపు లేదు, లాగ్ లేదు.

ఇది ఊహాలోకంలో సమస్య కాదని ఒహాయోలో తేలింది. 2008లో ఒక పోలీసు ఒక ఎస్‌యూవీని ఆపాడు. పరిమితి 60. ఆయన కంటి అంచనా 70, రాడార్ మాత్రం 80 దాటిన అంకె చూపించింది. ఆ రాడార్ విషయంలో ఆయన అర్హత కోర్టులో రుజువుకాక ఆ అంకె పక్కకిపోయింది. మిగిలింది కన్ను. దాని మీదే శిక్ష వేశారు. కేసు ఒహాయో సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2010 జూన్లో 5-1 తేడాతో, శిక్షణా సర్టిఫికెట్టూ అనుభవం ఉన్న పోలీసు ఉత్త కంటితో వేసిన అంచనా ఒక్కటీ శిక్షకి చాలు అని తీర్పొచ్చింది. అకాడమీలో 3, 4 మైళ్ళ తేడాలో అంచనా వెయ్యగలిగాడని చెప్పారు. అదే కన్ను ఆ రోజు రాడార్‌తో పది మైళ్ళకి పైగా తేడాపడింది. రెండిట్లో ఏదో ఒకటి తప్పు. తప్పు కన్నుది కాదని ఎవరైనా చెప్పగలరా? డ్రైవర్‌ని తక్కువ అంకెకే శిక్షించారు కదా, నష్టమేంటి అని అడగొచ్చు. ఈసారి తేడా అటు పడింది, ఇంకోసారి ఇటు పడుతుంది. జనం గోల చేశారు, మరుసటి ఏడాది, 2011లో, ఒహాయో శాసనసభ చట్టం మార్చింది. ఉత్త కంటి అంచనా ఒక్కదాని మీదే శిక్ష చెల్లదని. 1903లో ఇంగ్లండులో రాసిన వాక్యాన్ని 108 ఏళ్ళ తర్వాత ఇంకో రూపంలో మళ్ళీ రాసుకున్నారు.

లేజర్ గన్ "ఏ బండి" అన్న ప్రశ్నని చాలావరకు తీర్చింది. 300 మీటర్ల దూరంలో దాని కిరణం వెడల్పు ఒక మీటరే. వెలుతురు ముక్కల్ని వరసగా పంపి, తిరిగొచ్చే సమయాల్లోంచి దూరం ఎలా తగ్గుతోందో చూస్తుంది. చెయ్యి ఊగితే కిరణం నంబరు ప్లేటు మీంచి పక్కకి జారొచ్చు, అదొక్కటే తలనొప్పి.

ఇక మనిషే లేని కెమెరాలు. వీటి పితామహుడు మారిస్ గాట్సొనిడీస్ అనే డచ్ ర్యాలీ డ్రైవర్. 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన వేగం ఇంకా పెంచుకోవడం ఎలా అని కొలుచుకోడానికి తయారుచేసుకున్న పరికరం, చివరికి లక్షలమందికి జరిమానా వేసే పెట్టె అయింది. ఇంగ్లండులో గాట్సో పేరు తిట్టుపదంతో సమానం గానీ, ఆ పెట్టెలో నాకు నచ్చే డిజైన్ ఒకటుంది. అది రాడార్‌తో వేగం కొలిచి ఊరుకోదు. అరసెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తుంది, రోడ్డు మీద తెల్లగీతలు గీసి ఉంటాయి. 30 మైళ్ళ మీద పోయే కారు అరసెకనులో 6.7 మీటర్లు కదలాలి. గీతలు లెక్కపెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. రాడార్ ఒక కొలత, గీతలు దానితో సంబంధంలేని ఇంకో కొలత. డాప్లర్ పేరు వినని మనిషి కూడా స్కేలు పెట్టి కెమెరా తప్పు పట్టగలడు.

రెండో కొలత లేకపోతే ఏమవుతుందో, ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు రెండున్నాయి. 2005లో సిడ్నీలో ఒక డ్రైవర్ తరఫు లాయరు, ఈ కెమెరా ఫొటోని ఎవరూ మార్చలేదని ఎండీ5 హ్యాష్ చూపించి చెప్తున్నారు, ఆ ఎండీ5 మీదే ఇప్పుడు నమ్మకం పోయింది కదా అన్నాడు. అంతకుముందు ఏడాదే, 2004లో, చైనా గణితజ్ఞురాలు షియావున్ వాంగ్ బృందం ఎండీ5 కొలిజన్లు చూపించింది. దానికి జవాబు చెప్పే నిపుణుణ్ణి రోడ్ల శాఖ తేలేకపోయింది, కేసు కొట్టేశారు. మనలో ఎవరైనా అక్కడుంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాళ్ళం. ఒకే హ్యాష్ వచ్చే రెండు ఫైళ్ళు కొత్తగా తయారుచెయ్యడం వేరు, ఇప్పటికే ఉన్న ఫొటో హ్యాష్‌కి సరిపోయేలా దొంగ ఫొటో తయారుచెయ్యడం వేరు. రెండోది ఎవరూ చెయ్యలేదు. లాయరు వాదన సాంకేతికంగా బలహీనం. అయినా కేసు పోవడమే సరైందని నా అభిప్రాయం. శిక్ష వెయ్యమని అడిగేవాడు తన పరికరం ఎలా పనిచేస్తుందో చెప్పలేకపోతే ఇంకేం చెయ్యాలి?

రెండోది బాల్టిమోర్. 2012 డిసెంబర్లో బాల్టిమోర్ సన్ పత్రిక, రెడ్ లైట్ దగ్గర కదలకుండా ఆగి ఉన్న కారుకి కెమెరా 38 మైళ్ళ వేగమని టికెట్ పంపిన సంగతి బయటపెట్టింది. ఎలా దొరికింది? టికెట్‌తో పాటు టైమ్‌స్టాంపున్న రెండు ఫొటోలు, చిన్న వీడియో ఇస్తారు కాబట్టి. రెండు ఫొటోల మధ్య కారు అంగుళం కదల్లేదు. పత్రికవాళ్ళు అలాగే లెక్కవేసి మరికొన్ని టికెట్లు తప్పని చూపించారు, 2013లో నగరం కెమెరాలు కట్టేసింది. ఎదుటివాడి చేతికి రెండు ఫొటోలు ఇచ్చినందువల్లే కదా అది సాధ్యమైంది. కెమెరాల్ని చాలాకాలం దగ్గరికి రానివ్వని కాలిఫోర్నియా కూడా 2023లో ఆరు నగరాల్లో ప్రయోగానికి చట్టం చేసింది, 2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలయ్యాయి.

మళ్ళీ మన దగ్గరికొస్తే, 1998లో మన సుప్రీంకోర్టు కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీష్ కేసులో ఒక మంచి మాట చెప్పింది. ట్రక్కు ప్రమాదంలో సాక్షులందరూ "చాలా స్పీడుగా వచ్చాడు" అన్నారు. స్పీడంటే ఎంత అన్నది సుమారుగానైనా ఎవరూ చెప్పలేదు. స్పీడుగా అన్నది మనిషి మనిషికీ మారే మాట, దాని మీద మాత్రమే ఆధారపడి నిర్లక్ష్యం రుజువైందనలేం అంది కోర్టు. మన ఊళ్ళో ఏ ప్రమాదం జరిగినా మొదట వినపడే మాట అదే కదా, "అతివేగంగా వచ్చి".

183వ సెక్షన్లో ఆ "యాంత్రిక పరికరం" అన్న మాట పక్కన "ఎలక్ట్రానిక్" అన్న మాట చేర్చడానికి 2019 సవరణ దాకా పట్టింది. 31 ఏళ్ళ తర్వాత ప్యాచ్. 2021లో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరాలకి ఆమోదం సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి, చలానాతో పాటు ఫొటో, పరికరం కొలిచిన అంకె, తేదీ, సమయం, చోటు ఇవ్వాలి. కాయితం మీద చాలా దేశాలకి తీసిపోని నిబంధనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. 120 మీద పోయే కారు అరసెకనులో 16.7 మీటర్లు కదులుతుంది. ఆ చలానాలో ఉన్న ఒక్క ఫొటో పక్కన అరసెకను తర్వాత తీసిన రెండోదాన్ని కూడా, టైమ్‌స్టాంపుతో సహా, పెట్టి పంపిస్తే చాలు. రోడ్డు మీద గీతలు ఎలాగూ ఉన్నాయి, లెక్క మనమే వేసుకుంటాం.